వాట్సాప్‌లో వచ్చిన నోటీసు

మా వీధి చివర కట్టిన కొత్త డ్రైన్ మీద శ్లాబు వానాకాలం దాటకుండానే కుంగింది. ఫొటో తీసి, ఇందులో సిమెంటెంతో ఇసుకెంతో కాంట్రాక్టరే చెప్పాలని ఫేస్‌బుక్‌లో పెట్టాను. వారం తిరక్కుండా స్టేషన్ నుంచి వాట్సాప్‌కి పీడీఎఫ్ వచ్చింది: కేసుల విచారణ పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35(3) కింద, విచారణకు రమ్మని నోటీసు. నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 353 ప్రకారం వదంతులు పుట్టించి జనంలో అలజడి రేపానట.

పోస్టు తీసేద్దామంటే మా లాయరు గారు "ముట్టుకోకండి" అన్నారు. నోటీసొచ్చాక తీస్తే సాక్ష్యం మాయం చేశాడంటారు. పైగా 35 కింద నోటీసులు వాట్సాప్‌లో పంపొద్దని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు గారు స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ మాటంటే, సాయంత్రానికల్లా కానిస్టేబుల్ కాగితంతో గుమ్మంలో ఉన్నాడు. "సంతకం పెట్టండి సార్, మాకూ తప్పదు." ఈ నోటీసు మీద పిలిచినప్పుడు హాజరవుతుంటే అరెస్టు చేయరు, చేయాలంటే కారణాలు రాయాలి. ఇది విన్నాకే మా ఆవిడ అన్నం తింది.

స్నేహితులేమో ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ కొట్టేశారుగా అని ధైర్యం చెప్పారు. నిజమే, 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేశారు. ఆ తర్వాతా ఏళ్ల తరబడి దాని కింద కేసులు కడుతూనే ఉంటే, 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. స్టేషన్‌లో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే రాజ్యాంగం 19(1)(ఏ) ఎవరికీ అక్కర్లేదు, ఆధారం ఉందా లేదా అన్నదే లెక్క.

353లోనే ఓ మినహాయింపుంది: నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, సదుద్దేశంతో అన్న మాట నేరం కాదు. జవాబంతా దాని మీదే నిలబెట్టాం. పని జరుగుతున్నప్పుడే సమాచార హక్కు కింద ఎస్టిమేట్ కాపీ తెచ్చుకున్నాను. అందులో శ్లాబు మందం 150 మిల్లీమీటర్లు. విరిగిన అంచున టేపు పెట్టి తీసిన ఫొటోలో నాలుగంగుళాలు కూడా లేదు. ఆ రెండూ పక్కపక్కన ప్రింటు తీసి జతచేశాం. మాటకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదుల్లో, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపుంటే, ఎఫ్ఐఆర్‌కి ముందు 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడమే సబబన్న 2025 మార్చి నాటి సుప్రీంకోర్టు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పునూ చివర్లో రాశారు లాయరు గారు.

ఎస్సై గారు నా పోస్టు గురించి పెద్దగా అడగలేదు. కింద ఎవరో కాంట్రాక్టర్ని కులం పేరుతో తిట్టిన కామెంటు చూపించి "ఈయనెవరండీ?" అన్నారు. నాకు తెలియదు. ఆ రాసినాయన మీద కేసు కడితే నేనేం అడ్డు చెప్పను, అలాంటి మాటల కోసమేగా ఆ స్వేచ్ఛకు హద్దులు పెట్టే 19(2) ఉంది. కొలత చూపించి అడిగిన నన్నూ అదే బల్ల ముందు కూర్చోబెట్టారు, అదే నచ్చలేదు. వస్తుంటే రైటరు, "ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్లండి" అన్నాడు. "స్వాధీనం చేసుకున్నట్టు రాసివ్వండి, ఇస్తాం" అన్నారు లాయరు గారు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత కేసు కట్టడం లేదని ఫోన్లో చెప్పారు. కాగితం ఇమ్మంటే, "చెప్పాంగా" అన్నారు. దాని కోసం ఇప్పుడు ఇంకో సమాచార హక్కు అర్జీ పెట్టాను.