విమానం లేని స్కైడైవింగ్ యాత్ర: మామునూరు నుంచి లక్నవరం దాకా

ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారం ముగ్గురం కలిసి తిరిగొచ్చాం. ముగ్గురం స్కైడైవింగ్ పిచ్చోళ్లమే, కానీ ఈ రెండు రోజుల్లో నేను దూకిందల్లా మా పెద్దబాపు ఇంటి అరుగు మీద నుంచి, అదీ ఇరవై సార్లు. ఎందుకో చెప్తాను.

ముందు వీళ్లు నాకెట్లా పరిచయమో చెప్పాలి. కిందటి డిసెంబరులో హర్యానాలోని నార్నౌల్‌కు టాండెమ్ జంప్ కోసం పోయాను. టాండెమ్ అంటే ఇన్‌స్ట్రక్టర్ మన వీపుకు కట్టుకొని దూకుతాడు, అరవడం తప్ప మనం చేసేదేమీ ఉండదు. పొగమంచు వల్ల రెండు రోజులు విమానమే లేవలేదు. చలికి చేతులు జేబుల్లో పెట్టుకొని మూలకు కూర్చుంటే వెనక నుంచి "గీ మంచు ఇయ్యాల పోయేటట్టు లేదురా అయ్యా" అని వినబడింది. తిరిగి చూస్తే ఒక అక్క, ఒక అన్న. అక్కది కరీంనగర్, కాలేజీలో లెక్కలు చెప్తుంది, అప్పటికి 240 జంపులు చేసింది. అన్నది మంచిర్యాల, సింగరేణి ఉద్యోగం. డ్యూటీ భూమి కింద, సెలవులు ఆకాశంలో అని ఆయనే చెప్పుకొని ఆయనే నవ్వుతాడు. ఆ రెండు రోజులు చాయ్ తాగడం, ఆకాశం చూడడం, మళ్లీ చాయ్ తాగడం. మూడో రోజు మంచు విడిచి నేను దూకాను. 10,000 అడుగుల నుంచి ముప్పై అయిదు సెకన్లు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో కింద పడడం ఎట్లుంటుందో రాయడం నావల్ల కాదు. దిగేటప్పుడు మాత్రం కాళ్లు పైకెత్తమని పదిసార్లు చెప్పినా కంగారులో కిందికి పెట్టేశాను, నేనూ ఇన్‌స్ట్రక్టరూ ఇద్దరం బొక్కబోర్లా పడ్డాం, నా మోకాలు గీరుకుపోయింది. అక్క ఆ వీడియోను ఇప్పటికీ దాచుకుంది.

ఆ వారమే ఒంటరిగా దూకే కోర్సుకు పేరు రాయించుకున్నాను, ఏప్రిల్‌లో థాయ్‌లాండ్‌లో. మొత్తం 25 జంపులు పూర్తయి, పరీక్షలు కూడా పాసయితే మొదటి లైసెన్సు ఇస్తారు. ఈ సంగతి చెప్పగానే "పోయేముందు ఒక్కసారి కలుద్దాం" అంది అక్క. ఆమె హుజూరాబాద్ మీదుగా కారులో వచ్చింది, అన్న రైల్లో కాజీపేటలో దిగాడు. కారు డిక్కీలో అన్న రిగ్, అంటే వీపుకు కట్టుకునే పారాచూట్ బ్యాగు, దాని పక్కన మా అమ్మ కట్టిచ్చిన సకినాలూ సర్వపిండీ. స్కైడైవర్లలో ఒక పద్ధతి ఉంది, ఏదైనా మొదటిసారి చేస్తే అందరికీ బీరు బాకీ. నేను బీరుకు బదులు సర్వపిండి ఇస్తానంటే అక్క ఒప్పుకుంది, అన్న మాత్రం బాకీ బాకీయే అన్నాడు.

మొదట వరంగల్ పక్కనే ఉన్న మామునూరు పోయాం. మేం పోయేది ములుగు వైపు, మామునూరేమో ఖమ్మం రోడ్డులో, పూర్తిగా ఉల్టా. అయినా అన్న పట్టుబట్టాడు. 1930లో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం అది, తర్వాత దశాబ్దాల పాటు మూతబడింది, మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం ఒప్పుకున్నాక ఊళ్లో అందరి నోటా అదే మాట. రోడ్డు మీద కారాపి ఆ ఖాళీ జాగా వైపు చూస్తూ నిలబడ్డాం. చూడడానికి గడ్డి తప్ప ఏమీ లేదు నిజానికి. అన్న మాత్రం గాలి ఎటు వీస్తుందో చూడ్డానికి చిటికెడు మన్ను తీసి వదిలాడు, "ఇటు నుంచి లేస్తది, అటు దిగుతం" అని చేత్తో గీతలు గీశాడు. రేపు ప్యాసింజర్ విమానాలు తిరిగే చోట మనల్ని దూకనిస్తారా అన్నాను. "కలగననియ్యవా?" అన్నాడు.

ములుగు దాటేముందు గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. మేడారం పోయినా పోకపోయినా ఆ దారిన పోయేవాళ్లు ఆగాల్సిందే. తర్వాత జంగాలపల్లి దగ్గర లోపలికి తిరిగి పాలంపేట, రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, నీళ్లలో తేలే ఇటుకలు, పునాది కింద ఇసుక, ఇవన్నీ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే కాబట్టి మళ్లీ రాయను. గైడ్ ఇసుక పునాది గురించి చెప్తుంటే అన్న నా చెవిలో "గుడికే ఇసుక మెత్త కావాల్సొచ్చింది, నువ్వు కాళ్లు బిర్రుగ పెట్టి దిగుతనంటవ్" అన్నాడు. ఆ మోకాలి సంగతి ఎవరూ మరిచిపోరు.

లక్నవరంలో ఒక వింత చూశాను. వేలాడే వంతెన మీద పిల్లలు గెంతుతుంటే అది ఊగుతోంది, 240 సార్లు విమానంలోంచి దూకిన అక్క రెండు చేతులతో తీగను పట్టుకొని, నీళ్ల వైపు చూడకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. నేను నవ్వాను. "నవ్వకు, నిచ్చెనెక్కి బల్బు మార్చమన్నా మార్చను" అంది. విమానం తలుపు దగ్గర కింద కనబడేది పటం లాగా ఉంటుందట, మనల్నీ భూమినీ కలిపే గోడా నిచ్చెనా ఏదీ ఉండదు కాబట్టి ఎత్తు అన్న భయమే పుట్టదట. నిజమే, నాకూ ఆ రోజు అట్లనే అనిపించింది, భయమంతా విమానం ఎక్కేదాకానే. అయినా అక్క వేళ్లు తెల్లబడేంత గట్టిగా తీగ పట్టుకోవడం చూశాక నాకెందుకో చాలా ధైర్యమొచ్చింది.

గొడవ అయింది చెరువు ఒడ్డున, సర్వపిండి విప్పాక.

నేను ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాను. ఎవరో వాడిన క్యానపీ, అంటే పారాచూట్ గుడ్డ, సగం ధరకు అమ్ముతున్నాడు. 150 చదరపు అడుగులు, రంగులు కూడా బాగున్నాయి. కోర్సు అవ్వగానే సొంతది ఉంటే మంచిది కదా అని అడ్వాన్సు పంపే ఆలోచనలో ఉన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. అన్న ఫోన్ అక్కకు ఇచ్చాడు. అక్క చూసి, చేతికంటిన నూనె తుడుచుకొని, "నీ బరువెంత?" అంది.

"ఎనభై రెండు."

"రిగ్ పన్నెండు వేసుకో. తొంభై నాలుగు. పౌండ్లు చెయ్."

చేశాను. 207. దాన్ని 150తో భాగించమంది. 1.38 వచ్చింది. కొత్తవాళ్లకు ఆ లెక్క ఒకటి దాటొద్దు, అంటే చదరపు అడుగుకు ఒక పౌండు లోపు ఉండాలి, నా బరువుకు 210 కంటే చిన్నది ముట్టుకోవద్దు, నేర్చుకునేటప్పుడైతే ఇంకా పెద్దదే ఇస్తారు. గుడ్డ చిన్నదైన కొద్దీ వేగం పెరుగుతుంది, తాడు కొంచెం లాగినా గిర్రున తిరుగుతుంది, తిరిగినప్పుడు ఒక్కసారిగా కిందికి జారుతుంది.

"మెల్లగ అలవాటు చేసుకుంట గదా" అన్నాను.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్యాంటు అంచు పైకి లాగి చీలమండ చూపించింది. పక్క నుంచి పైకి పోయే కుట్లు, లోపల ప్లేటు. అరవయ్యో జంపులోనో ఎప్పుడో, అందరూ వద్దంటున్నా చిన్న క్యానపీకి మారిందట. దిగేటప్పుడు ఇంకొకరు అడ్డమొచ్చారు, నేల వంద అడుగుల దూరంలో కూడా లేదు, భయపడి గట్టిగా తాడు లాగింది. అంతే. పారాచూట్‌లో ఏ లోపమూ లేదు, పూర్తిగా విచ్చుకొనే ఉంది. అయిదు నెలలు మంచం. ఈ ఆటలో అనుభవం ఉన్నవాళ్లు కూడా ఎక్కువగా పోయేది పారాచూట్ తెరుచుకోక కాదు, తెరుచుకున్నాక నేల దగ్గర చేసే మలుపుల వల్ల అని ఆమె చెప్తే నమ్మబుద్ధి కాలేదు గానీ, తర్వాత ప్రమాదాల రిపోర్టులు చదివితే అదే రాసి ఉంది.

"ఆ క్యానపీ మంచిదే. నీకే మంచిది కాదు" అన్నాడు అన్న.

నాకు కోపమొచ్చింది, అబద్ధమెందుకు. జంపులంటే ధైర్యం, సాహసం అని చెప్పుకునేవాళ్లు మా అమ్మ కంటే ఎక్కువ జాగ్రత్తలు చెప్తున్నారేంటి అనిపించింది. నిజానికి ఆ రోజు పొద్దున్నుంచీ వాళ్లు చెప్పిందంతా ఇట్లాంటిదే. గాలి ఎక్కువుంటే విమానం ఎక్కకు, ఎక్కాక కూడా వద్దనిపిస్తే అదే విమానంలో దిగిరా, ఎవరూ నవ్వరు. 5,500 అడుగుల దగ్గర ఏం జరుగుతున్నా సరే ఇక ఆట బంద్, పారాచూట్ తీయాల్సిందే. అది తిన్నగా తెరుచుకోకపోతే 2,500 లోపు తేల్చుకో, దాన్ని వదిలేసి రిజర్వు, అంటే బ్యాగులోని రెండో పారాచూట్, తీయి, సతాయించుకుంట కూర్చోకు. తాళ్లు మెలిపడితే భయపడకు, చిన్నప్పుడు ఉయ్యాల తాళ్లు మెలేసి కూర్చుంటే ఎట్ల విప్పుకునేవాడివో అట్లనే తాళ్లను పక్కలకు లాగి కాళ్లతో తన్ను. దిగేటప్పుడు కాళ్ల కిందికి చూడకు, దూరంగా చూడు, కిందికి చూస్తే నేల ముందే వచ్చేసిందనిపించి బ్రేకు తాళ్లు పైననే లాగేస్తావు. ఒక్కరు కూడా నాకు "ఎంజాయ్ చెయ్" అనలేదు.

రాత్రి గోవిందరావుపేట దగ్గర మా పెద్దబాపు ఇంట్లో పడుకున్నాం. పెద్దబాపు ఆర్మీలో పారా యూనిట్‌లో చేసి వచ్చాడు, ఆగ్రాలో దూకడం నేర్చుకున్నాడు. అయిదు జంపులు, అందులో ఒకటి రాత్రి పూట, అప్పుడే ఛాతీ మీద రెక్కల బ్యాడ్జి. ఈ సంగతులు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అక్క అడిగిన రెండు ప్రశ్నలకే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"పదివేల అడుగులా? మాకు పన్నెండువందల యాభై. చేతికి ఎత్తు చూసే మీటర్ లేదు ఏం లేదు. తాడు విమానానికే కట్టి ఉంటది, తలుపు కాడికి పోవుడు, పోవుడే."

"భయం కాకపోయేదా పెద్దబాపూ?" అంది అక్క, ఆమెకు కూడా అప్పటికి పెద్దబాపే అయిపోయాడు.

"ఎన్కోడు నూకుతుంటడు. భయపడేటందుకు టైమేది?"

తర్వాత నా మోకాలి వీడియో చూపించారు. ఆయన నవ్వలేదు. అరవై ఏడేళ్ల మనిషి, లుంగీ బిగించి, అరుగెక్కి, పాదాలూ మోకాళ్లూ జోడించి దూకాడు. పాదాలు తాకగానే పిక్క, తొడ పక్క, పిర్ర, వీపు, ఒక్కొక్కటే నేలకు ఆనించుకుంటూ దొర్లి లేచి నిలబడ్డాడు. పెద్దమ్మ లోపలి నుంచి తిట్లు మొదలుపెట్టింది. "కాళ్లు జోడించు, గుద్దు ఒక్క బొక్క మీద పడొద్దు, ఒళ్లంత పంచుకోవాలె. ఒక్క కాలు ముందు పెట్టినోడు పట్టీ కట్టించుకున్నడు" అన్నాడు. నేను దూకాను. మళ్లీ అన్నాడు. ఎనిమిదోసారికి మోచెయ్యి చెక్కుకుపోయింది, పద్నాలుగోసారికి వీధిలో పిల్లలు చేరి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దగ్గర వదిలాడు.

పొద్దున పారాచూట్ మడత. కల్లంలో మిరపకాయలు ఆరబోసే పట్టా ఉంటే అది పరిచి రిగ్ తెచ్చాను. అన్న ఒక్క కేక. "మిరపకాయల పట్టా మీద వేస్తవా దాన్ని! రేపు పైన విచ్చుకున్నంక కండ్లల్ల కారం పడితే?" నేనే పట్టా కడిగి, ఆరబెట్టి, దాని మీద పెద్దమ్మ బీరువాలోని మూడు దుప్పట్లు పరిచాక గానీ బ్యాగు విప్పనివ్వలేదు.

ఆ గుడ్డ అంత జారుడుగా ఉంటుందని నాకు తెలియదు. పట్టుచీర మీద పట్టుచీర పెట్టి మడిచినట్టే, ఇటు సర్దితే అటు జారిపోతుంది, లోపల గాలి ఉండి బుసబుసమని లేస్తుంది, దాని మీద పడుకొని ఒంటి బరువుతో గాలి వెళ్లగొట్టాలి. తాళ్లన్నీ మధ్యకు, మడతలన్నీ బయటికి. స్లైడర్ అని చిన్న చదరపు గుడ్డ ఒకటి తాళ్ల మీద జారుతుంటుంది, మడిచేటప్పుడు దాన్ని పైదాకా తోయాలి. పారాచూట్ ఒక్కసారిగా విచ్చుకోకుండా ఆపేది అదే, కింద మరిచిపోతే తెరుచుకునేటప్పుడు మెడ పట్టేసేంత కుదుపు. అన్న ఇదంతా పావుగంటలో చేశాడు. నాకు గంటా పది నిమిషాలు పట్టింది.

బ్యాగు మూసి, చెమట తుడుచుకుంటూ ఇచ్చాను. అన్న దాన్ని చేతిలో తిప్పి చూసి, "దీనితో నువ్వు దూకుతవా?" అన్నాడు.

ఆలోచించాను. స్లైడర్ పైకి తోశానో లేదో గుర్తు రాలేదు.

"దూకను."

ఆయన పిన్ను పీకి మొత్తం దుప్పట్ల మీద కుమ్మరించాడు. అక్క వేపచెట్టు కింద సకినాలు తింటూ ఫోన్‌లో టైమర్ మళ్లీ పెట్టింది. క్యానపీ అమ్మేవాడి మెసేజ్ వచ్చింది, అడ్వాన్సు పంపుతున్నారా అని. వద్దని రాసి ఫోన్ పక్కన పెట్టి మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాను.

మూడోసారి సగంలో ఉండగా పెద్దబాపు కల్లం గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు. "ఎండ ఎక్కింది. మీ దుకాణం ఎప్పుడు ఎత్తేస్తరు? పట్టా కావాలె నాకు."