ఆముదం చెట్టుకి జీవిత ఖైదా?

మా అక్క కొడుకు శ్రీకాకుళంలో పోలీసు ఉద్యోగానికి కోచింగ్ తీసుకుంటూ చట్టాలు బట్టీ పడుతున్నాడు. మొన్న ఆదివారం రణస్థలంలో మా ఇంటికొచ్చి, పెరట్లో ఆముదం చెట్టు చూసి, "మావయ్యా, రైసిన్ అనే విషం అంతర్జాతీయ రసాయన ఆయుధాల ఒప్పందంలో మొదటి షెడ్యూల్లో, అంటే మొదటి జాబితాలో ఉంది, అది ఈ గింజల్లోదే కదా, మరి మనమీద కేసవదా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ ప్రశ్న మంచిదే. మన దేశంలో 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం ప్రకారం అణు, జీవ, రసాయన ఆయుధాల్ని చట్టవిరుద్ధంగా తయారుచేసినా, ఊరికే దగ్గర పెట్టుకున్నా కనీసం ఐదేళ్ల జైలు, జీవిత ఖైదు దాకా పోవచ్చు, జరిమానా సరేసరి. 2022లో సవరించి, వాటికి డబ్బు సర్దడాన్నీ నిషేధించారు. ఇదంతా వాడికి కంఠతా వచ్చు. వాడు చూడనిదల్లా నిర్వచనం. విషమైనా, దాని ముడిసరుకైనా పరిశ్రమకో, సేద్యానికో, మందులకో వాడే ఉద్దేశంతో, ఆ పనికి తగినంతే ఉంటే అది ఆయుధం కాదు.

నాకిది రోజూ కనబడేదే. పైడిభీమవరంలో ఓ మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చేస్తాను. అక్కడ మందుల తయారీకి వాడే థయోనిల్ క్లోరైడ్ అనే రసాయనం ఆ ఒప్పందంలోని మూడో షెడ్యూల్ సరుకు. వానాకాలంలో డ్రమ్ము మూత కాస్త వదులైతే చాలు, తేమ తగిలి తెల్లటి పొగ లేస్తుంది, కళ్లు మండి గొంతు పట్టేస్తుంది. ఎంత వచ్చింది, ఎంత ప్రొడక్షన్‌కి ఇచ్చాం, ఎంత మిగిలింది, రిజిస్టర్లో ఒక్క డ్రమ్ము తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా ఇంటికి కదిలేది లేదు. అదే డ్రమ్ము ఏ కాగితం లేకుండా ఎవడి అద్దె గదిలోనో దొరికితే, ఇదెందుకురా నీకు అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది కథ.

అలాగని ప్రతిదానికీ ఈ చట్టం పట్టుకొస్తే కుదరదు. అమెరికాలో ఒకావిడ, తన భర్తతో సంబంధం పెట్టుకున్న స్నేహితురాలి ఇంటి తలుపు పిడికి రసాయనం పూసింది. ఆ స్నేహితురాలికి బొటనవేలు కాస్త కాలింది, అంతే. దానికి అక్కడి రసాయన ఆయుధాల చట్టం కింద కేసు పెట్టారు! ఆ చట్టం ఇలాంటివాటికి కాదని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

మా నాన్నమ్మ గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి వంటాముదం తీసేది. మిగిలిన పిప్పిని మాత్రం పశువులు మూతి పెట్టకుండా గొయ్యి తీసి పాతేసేది. రైసిన్ పేరు ఆవిడ వినలేదు.

వాడు బయల్దేరేటప్పుడు మా అమ్మ తలకి రాసుకోమని ఓ సీసా ఆముదం ఇచ్చింది. "నూనెలో రైసిన్ ఉండదులే, పట్టుకెళ్లు" అన్నాను. అయినా సంచిలో అడుగున పెట్టాడు.