ఇరవై నాలుగు యూరోల టికెట్

ముందు ఫ్రాన్స్‌లోని బోవే ఎయిర్‌పోర్టులో మా అమ్మ వదిలేసి వచ్చిన ఆవకాయ సీసా గురించి చెప్పాలి. ఐఫిల్ టవర్ గురించి నేను కొత్తగా రాసేదేమీ లేదు. సెప్టెంబర్‌లో పదమూడు రోజుల పాటు అమ్మా నేనూ పారిస్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ తిరిగి వచ్చాం. వచ్చి నెల దాటినా కళ్ళు మూసుకుంటే నాకు కనబడేది ఆ సీసానే.

ప్లానింగ్ ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాను. ఎక్సెల్ షీట్లో మొదట రాసుకున్న ఊళ్ళు ఎనిమిది. ప్యాకేజీ టూర్ల వాళ్ళు చూపించేవన్నీ మనమే తక్కువలో చూసెయ్యాలని నా పట్టుదల. స్విట్జర్లాండ్ హోటల్ రేట్లు చూశాక ఆ వరుస కొట్టేశాను. ఆమ్‌స్టర్‌డామ్ కూడా అలాగే పోయింది. మిగిలిన ఊళ్ళ మధ్య చవక విమానాలు వెతికి, ఇరవై యూరోలు, పద్దెనిమిది యూరోలు అని ఒక్కో గడి నింపుకుంటూ వెళ్ళాను.

మా పిన్ని కొడుకు జర్మనీలోని ఆహెన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాడికి ఆ షీట్ పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మని తీసుకుని ఊళ్ళు చూడ్డానికి వస్తున్నావా, ఎయిర్‌పోర్టులు చూడ్డానికి వస్తున్నావా?" అన్నాడు. వాడు 2025లో నెలకి 58 యూరోలున్న డాయిచ్‌లాండ్ టికెట్ మీద జర్మనీ అంతా తిరిగినవాడు. దాంతో పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కనివ్వరు. అన్ని స్టేషన్లలో ఆగే రైళ్ళు, సిటీ బస్సులు, ట్రాములకే పనికొస్తుంది. "ఒకదాని పక్కన ఒకటి ఉన్న ఊళ్ళు పట్టుకో. ప్రాగ్, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ అన్నీ ఒకదాన్నించి ఒకటి కొద్ది గంటల రైలు దూరంలోనే ఉన్నాయి. టికెట్లు ముందే కొనెయ్, హోటల్ స్టేషన్‌కి దగ్గర్లో తీసుకో" అన్నాడు. వాడి మాట ముప్పావు వంతు విన్నాను. విననిది ఒక్క పారిస్ విషయంలోనే. అమ్మ తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పింది. ఫ్రెంచి విప్లవం పాఠం చెప్పిన మనిషిని పారిస్ చూపించకుండా ఎలా తీసుకొస్తాను?

అందుకని వెళ్ళేటప్పుడు పారిస్‌లో దిగి, తిరుగు ప్రయాణం బుడాపెస్ట్ నుంచి పెట్టుకున్నాం. బుకింగ్ సైట్లలో 'మల్టీ సిటీ' అని ఒక ఆప్షన్ ఉంటుంది, చాలామంది దాని జోలికే వెళ్ళరు. రానూపోనూ ఒకే ఊరికి తీసుకుంటే ఆఖర్న మళ్ళీ అక్కడిదాకా వెనక్కి పోవాలి. ఒక పూట ప్రయాణం, ఒక రాత్రి హోటలు వృథా. మాకు మామూలు రిటర్న్ టికెట్ కంటే మూడు వేలు మాత్రమే ఎక్కువ పడింది. వీసా ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి అప్లై చెయ్యాలి కాబట్టి వియన్నాలో నాలుగు రాత్రులు పెట్టి ఆస్ట్రియాకి వేశాం. ఫీజు 90 యూరోలు. యూరో వంద రూపాయలు దాటి ఉంది, ఇద్దరికీ కలిపి చూసుకోండి. దానికితోడు 30 వేల యూరోల కవరేజీ ఉండే ఇన్సూరెన్స్, సర్వీస్ చార్జీలు. విమానం ఎక్కకముందే డబ్బు నీళ్ళలా పోవడం మొదలవుతుంది.

ఒకే పాస్ మీద చాలా దేశాల రైళ్ళు ఎక్కనిచ్చే యూరేల్ పాస్ కూడా లెక్కేశాను. మనలా బయటి దేశాల వాళ్ళకి యూరేల్, అక్కడ నివాసం ఉన్నవాళ్ళకి ఇంటర్‌రేల్. రోజూ దూరాలు తిరిగేవాళ్ళకి మంచిదే. ఫ్రాన్స్ టీజీవీల్లాంటి హైస్పీడ్ రైళ్ళకి మాత్రం పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ డబ్బులు విడిగా కట్టాలి. మా మూడు రైళ్ళకి విడివిడి టికెట్లే చవక. రెండు నెలల ముందు కొన్నాను కాబట్టి, వెళ్ళేముందు రోజు రేటుతో పోలిస్తే సగం కూడా పడలేదు.

పారిస్ నుంచి ప్రాగ్‌కి మాత్రం విమానం. అదే ఇరవై నాలుగు యూరోల టికెట్.

ఏ కంపెనీదో చెప్పను. టికెట్ మీద పారిస్ అనే ఉంటుంది, ఎక్కాల్సింది బోవేలో. పారిస్‌కి దాదాపు 85 కిలోమీటర్లు. తెనాలి నుంచి మచిలీపట్నం పోయినట్టే అనుకోండి. అక్కడికి బస్సు మనిషికి 18 యూరోలు. బస్సు విమానం టైముకి మూడు గంటల ముందే బయల్దేరుతుంది, ఆ బస్సు అందుకోవడానికి మేము తెల్లవారుజామున మూడున్నరకి లేచాం. హోటల్లో బ్రేక్‌ఫాస్ట్‌కి కట్టిన డబ్బులు అలాగే పోయాయి.

బోవేలో ముందు ఒక క్యూ. యూరప్ పాస్‌పోర్టు లేనివాళ్ళు కౌంటర్లో వీసా చూపించి బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేయించుకోవాలట. ఈమెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు. సెక్యూరిటీ క్యూలో సగం దాకా వెళ్ళాక వెనక్కి పంపారు. అమ్మ మోకాళ్ళ నొప్పితోనే మళ్ళీ మొదట్నుంచీ నిలబడింది.

తర్వాత సెక్యూరిటీ. హైదరాబాద్‌లో ఆవకాయ సీసా చెకిన్ సూట్‌కేసులో వేశాం కాబట్టి ఎవరూ అడగలేదు. ఆ సూట్‌కేసు మొయ్యలేమని పారిస్‌లో మా స్నేహితురాలి ఇంట్లో పెట్టి, ఇద్దరికీ కలిపి ఒక చిన్న ట్రాలీ, చెరో బ్యాగుతో బయల్దేరాం. ఆమె డిసెంబర్‌లో ఇండియా వస్తూ తెస్తానంది. సీసా మాత్రం అమ్మ తన బ్యాగులోకి మార్చుకుంది. నాకు చెప్పలేదు. చెప్పినా ఆ నిద్రమత్తులో నాకు తట్టేది కాదేమో.

సెక్యూరిటీ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. సీసా పైకి తీసి, వెలుతురుకి పట్టి చూసింది. అర కేజీ హార్లిక్స్ సీసా, మూత కింద పాలిథిన్ కవరు, దానికి రబ్బరు బ్యాండు. నూనె పైకి తేలి ఉంది. వంద మిల్లీలీటర్లు దాటితే ఏ పేస్టూ పైకి తీసుకెళ్ళనివ్వరని సైగలతో చెప్పింది. అమ్మ వాదించలేదు. "ఒక్క నిమిషం" అని తెలుగులోనే అని, మూత తీసింది. ఆవపిండి, నువ్వుల నూనె ఘాటు ఆ బెల్టు చుట్టూ ఒక్కసారి కమ్ముకుంది. ఆ అమ్మాయి ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసి, నిజంగా బాధగా తల అడ్డంగా ఊపింది. అమ్మ రెండు వేళ్ళతో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. వేళ్ళు చీరకొంగుకి తుడుచుకుంది. మూత బిగించి, రబ్బరు బ్యాండు మళ్ళీ జాగ్రత్తగా వేసి, సీసా రెండు చేతులతో ఆ అమ్మాయికి ఇచ్చేసింది.

ఆ రబ్బరు బ్యాండు ఎందుకు వేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చెత్తబుట్టలోకి పోయేదానికి ఎవరూ అలా కట్టరు.

గేటు దగ్గర ఇంకొకటి. బ్యాగు కొలిచే ఇనుప చట్రంలో అమ్మ బ్యాగు దూరలేదు. శాలువా మడత ఒక్కటే అడ్డం. శాలువా తీసి కప్పుకుంటామన్నా వినలేదు, 70 యూరోలు కట్టించుకున్నారు. కార్డు గీకుతుంటే నా చెయ్యి వణికింది. విమానంలో లెక్క వేశాను. టికెట్లు 48, ట్రాలీకి ముందే కట్టినవి 28, బస్సుకి 36, గేటు దగ్గర 70. మొత్తం 182. అదే రోజు పారిస్ పెద్ద ఎయిర్‌పోర్టు చార్ల్స్ డి గాల్ నుంచి మామూలు విమానంలో సూట్‌కేసుతో సహా ఇద్దరికీ 190 అయ్యేది. పారిస్ సిటీ నుంచి ఆ ఎయిర్‌పోర్టుకి రైలు టికెట్ అప్పుడు (2025లో) 13 యూరోలు. అది కలుపుకున్నా తేడా ముప్పై నాలుగు యూరోలు. ఆ డబ్బు కోసం మా అమ్మని తెల్లవారుజామున లేపి రెండు క్యూల్లో నిలబెట్టాను. ఇలాంటి టికెట్ కొనేవాళ్ళు స్క్రీన్ మీద అంకె కాకుండా, హోటల్ గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా అయ్యేదంతా ఒక కాగితం మీద రాసుకోండి. నేను పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రాగ్‌లో మూడు రోజులూ చినుకులే. చార్ల్స్ బ్రిడ్జి, కోట చూశాం. స్టేషన్లో టాయిలెట్‌కి డబ్బులు తీసుకుంటుంటే అమ్మ ప్రతిసారీ రూపాయల్లోకి మార్చి బాధపడేది. ఏటీఎంలో 'మీ కరెన్సీలో లెక్కించమంటారా' అని అడిగితే వద్దు అని, అక్కడి కరెన్సీనే నొక్కాలి. చెక్ కొరునా అయినా హంగేరీ ఫోరింట్ అయినా అంతే, లేకపోతే రేటులో బాగా పోతుంది.

ప్రాగ్ నుంచి వియన్నాకి నాలుగు గంటల రైలు. ఆ రోజు ఎండ కాసింది. అమ్మకి కిటికీ సీటు. కొండలు, చెరువులు, గోధుమ కోసేసిన మళ్ళు. అమ్మ చెప్పులు విప్పి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని, పారిస్‌లో దిగాక మొదటిసారి తనంతట తనే మాట్లాడటం మొదలుపెట్టింది.

"మీ నాన్న సర్క్యులర్ టికెట్ గుర్తుందా?"

ఎందుకు గుర్తు లేదు! 1996 వేసవి, నాకు పదేళ్ళు. నాన్న ఎల్‌టీసీ (ఉద్యోగులకిచ్చే సెలవు ప్రయాణ రాయితీ) పెట్టి, రైల్వే టైంటేబుల్ పుస్తకం ముందేసుకుని నెల రోజులు కాగితాలు నింపారు. బయల్దేరిన స్టేషన్‌కే తిరిగొచ్చేలా ఒకటే టికెట్. మధ్యలో ఎనిమిది చోట్ల దిగొచ్చు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే చార్జీ తగ్గుతుంది. మద్రాసు, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, అట్నించి త్రివేండ్రం. హోల్డాలు, మరచెంబు, పులిహోర డబ్బా. ప్రతి స్టేషన్లో నాన్న బెర్తు కోసం కౌంటర్ దగ్గర నిలబడితే, మేము సామాన్ల మీద కూర్చునేవాళ్ళం.

"ఎనిమిది ఊళ్ళు చూపించారు. ఎక్కడా హడావిడి పెట్టలేదు" అంది అమ్మ. నన్ను ఉద్దేశించి అన్నది కాదు. కానీ నాకు తగిలింది. నాన్న కూడా పైసా పైసా చూసుకునే ఆ కాగితాలు నింపారు. ఆయన లెక్కలో మా నిద్ర, మా తిండి, అమ్మ నడుము నొప్పి అన్నీ ఉన్నాయి. నా ఎక్సెల్ షీట్లో వాటికి గడి లేదు.

వియన్నాలో దిగింది ఆదివారం. షాపులన్నీ మూత, స్టేషన్లో ఉన్నవే దిక్కు. అక్కడే బ్రెడ్డు, పెరుగు, టమాటాలు కొన్నాం. వియన్నాలో నీళ్ళకి పైసా ఖర్చు లేదు. 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు పైపుల్లో ఊరికి వస్తున్నాయి, కుళాయి తిప్పి తాగడమే. అమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు బాటిల్ నాలుగు రోజులూ దాంతోనే నింపింది. నేను మళ్ళీ చెయ్యమన్నా చేసేది బ్రాటిస్లావా ఒకరోజు ప్రయాణం. రైల్లో గంట. అక్కడికి ఒక ప్రత్యేక రిటర్న్ టికెట్ ఉంది, దాంతో ఆ ఊరి సిటీ బస్సులు, ట్రాములు కూడా ఎక్కొచ్చు. రెండు దేశాల రాజధానుల మధ్య గంట దూరమేనా అని అమ్మ అక్కడ డాన్యూబ్ ఒడ్డున బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆశ్చర్యపోయింది. "సరిహద్దు ఎక్కడ దాటామో చెప్పు" అని అడిగింది. నాకూ తెలియలేదు. సోషల్ టీచర్‌కి ఆ ఒక్కటే ఆ రోజు మొత్తం సరిపోయింది.

వియన్నా నుంచి బుడాపెస్ట్ రైల్లో ఎదురు సీట్లో ఒక ముసలావిడ. గ్యోర్‌లో దిగుతానని ఊరి పేరు చెప్పింది, అంతకుమించి మా ముగ్గురికీ ఉమ్మడి భాష లేదు. కాసేపటికి గుడ్డ మూట విప్పి, నల్లగా ఏదో చుట్టి ఉన్న రొట్టె ముక్క అమ్మకి ఇచ్చింది. గుడ్డు వేసి ఉంటారేమో అని నేను అనేలోపే అమ్మ కొరికింది. నమిలి, ఆగి, నావైపు తిరిగింది.

"గసగసాలే!"

ముసలావిడ "మాక్, మాక్" అంది. అమ్మ "గసగసాలు" అంది. ఆవిడ "గస... గస" అంది. మా ఇంట్లో గసగసాలంటే మసాలా, లేదంటే సంక్రాంతికి అరిసెల మీద అద్దేవి. ఇంత దట్టంగా, తియ్యగా, రొట్టెలో పొరలు పొరలుగా ఉంటాయని ఊహించలేదు. అమ్మ ట్రాలీ తెరిపించి జంతికల పొట్లం మొత్తం ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ ఒకటి కరకర నమిలి, మిగతావి అదే గుడ్డలో మూట కట్టుకుంది. గ్యోర్‌లో దిగాక ప్లాట్‌ఫాం మీద నిలబడి, రైలు కదిలేదాకా చెయ్యి ఊపింది. ఇద్దరికీ కలిపి ఆ టికెట్లు ఇరవై ఆరు యూరోలు.

బుడాపెస్ట్ కెలెటి స్టేషన్ పాతది, ఎత్తైన అద్దాల ముఖద్వారం. హోటల్ ఐదు నిమిషాల నడక. మూడు రోజులు 1896 నాటి చిన్న పసుపుపచ్చ మెట్రోలో అటూ ఇటూ తిరగడం అమ్మకి సరదా అయిపోయింది. ఆఖరి రోజు సాయంత్రం మళ్ళీ కెలెటికి వెళ్దామంది. రైలేమీ లేదు కదమ్మా అంటే, ఊరికే అంది. బయల్దేరే రైళ్ళ బోర్డు కింద నిలబడి ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చదివింది.

"ఇక్కణ్ణించి ఇస్తాంబుల్‌కి పోవచ్చా?"

నేరుగా లేదు, దారిలో మారాలి, సోఫియా నుంచి అయితే రాత్రి రైలుంది అని చెప్పాను.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని, బ్యాగులోంచి చిన్న నోటు పుస్తకం తీసింది. "సోఫియా... ఏ దేశం, బల్గేరియానేగా? ఎన్నింటికి బయల్దేరుతుందో చూడు" అంది.