రెండిళ్ల మధ్య ఒక మాత్ర

నాకున్నది ఓసీడీ, అంటే వద్దన్నా ఆగని భయాలు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు అని తేలేసరికి నాకు పదమూడేళ్లు. అమ్మానాన్నలు విడాకులు తీసుకుని అప్పటికి చాలా కాలమైంది. నేను హైదరాబాద్‌లో అమ్మ దగ్గర ఉండేదాన్ని. సెలవులొస్తే గుంటూరులో నాన్న దగ్గరికి వెళ్లేదాన్ని.

చూసేవాళ్లకి అది శుభ్రత పిచ్చిలా కనపడుతుంది. లోపల ఉండేదంతా భయమే. బస్సులో రాడ్ పట్టుకున్న చేత్తో అన్నం తింటే అమ్మకి ఏదో రోగం అంటుకుని చచ్చిపోతుందని ఒక ఆలోచన. అర్థం లేనిదని తెలుసు, అయినా ఆగదు. మోచేతుల దాకా సబ్బుతో కడగాలి, మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్లీ మొదటినుంచి. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, ఆవకాయ అన్నం కలుపుకుంటే కళ్లమ్మట నీళ్లు కారేవి. మా నాయనమ్మ మాత్రం "ఈ రోజుల్లో ఇంత మడి ఎవరికుందమ్మా!" అని పక్కింటివాళ్లకి గొప్పగా చెప్పుకునేది. ఆ ఇంట్లో అది జబ్బులా ఎవరికీ కనపడలేదు.

అమ్మ సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన సెర్ట్రాలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, దాంతోపాటు థెరపీకి రమ్మన్నారు. ఈ మందు గుణం తెలియాలంటే రెండు మూడు నెలలు పడుతుందనీ, డోసు మెల్లగా పెంచాలనీ ముందే చెప్పారు. నాన్నకి సంగతి ఫోన్లో తెలిసింది. "ఆడపిల్లకి ఈ వయసులో పిచ్చి మందులా? నన్ను ఒక్క మాట అడిగావా?" అన్నారు. సంరక్షకుణ్ని నేనేనన్నారు. హిందూ మైనర్ల సంరక్షకుల గురించిన 1956 నాటి చట్టంలో ముందు తండ్రి పేరే ఉంటుంది. తల్లి కూడా సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు కోర్టుకి వెళ్దామన్నారు, అమ్మ వద్దంది.

నాన్న భయాన్ని నేను తీసిపారేయలేను. ఆయన చదివింది అబద్ధం కాదు. యాంటీడిప్రెసెంట్ల (డిప్రెషన్‌కీ, ఓసీడీ లాంటివాటికీ ఇచ్చే మందులు) వల్ల కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని ఆ మందుల సమాచార పత్రంలో హెచ్చరిక వేయాలని 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆదేశించింది. సెర్ట్రాలిన్ కూడా ఆ జాబితాలోదే. అది చదివిన తండ్రికి నిద్ర ఎలా పడుతుంది? కానీ ఆ భయాన్ని ఆయన డాక్టరుకి చెప్పలేదు, అమ్మ మీద కోపంగా చూపించారు. "నీ ఉద్యోగానికి అడ్డు రాకుండా పిల్లకి మత్తు పెడుతున్నావు" అనేవారు. "సెలవులకి చూసే మీకేం తెలుస్తుంది" అనేది అమ్మ. తలుపు వేసుకున్నా నాకు అన్నీ వినపడేవి.

దసరా సెలవుల్లో నాన్న నా మాత్రలు తీసి బీరువాలో పెట్టేశారు. "నేనున్నాగా తల్లీ, ఇవేమీ అక్కర్లేదు" అని ప్రేమగానే అన్నారు. రెండు మూడు రోజులకే తల తిరగడం, పక్కకి చూస్తే బుర్రలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, ఊరికే ఏడుపు రావడం మొదలయ్యాయి. అదంతా మందు చేసిన చెరుపనే నాన్న అనుకున్నారు. ఠక్కున ఆపేస్తే అలా అవుతుందని తర్వాత తెలిసింది. హైదరాబాద్ వచ్చి మళ్లీ మొదలుపెట్టాను. సంక్రాంతికి మళ్లీ అదే కథ. మందు పనిచేయట్లేదని అమ్మ కూడా అనడం మొదలుపెట్టింది. పనిచేసేంత కాలం దాన్ని ఎవరు వేసుకోనిచ్చారు?

చివరికి డాక్టరుగారే ఇద్దరినీ ఒకే రోజు రమ్మన్నారు. ముందు నాన్న వైపు తిరిగి, "మీ భయమేంటో చెప్పండి" అన్నారు. అప్పటిదాకా నాన్నని ఆ మాట ఎవరూ అడగలేదు. హెచ్చరిక నిజమేనని డాక్టరు ఒప్పుకున్నారు. ఆ హెచ్చరికకి ఆధారమైన మందుల పరీక్షల్లో అలాంటి ఆలోచనలు, ప్రవర్తన మందు వేసుకున్న పిల్లల్లో నూటికి నలుగురిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఇద్దరిలో కనిపించాయనీ, ఆత్మహత్య చేసుకుని చనిపోయినవాళ్లు ఎవరూ లేరనీ చెప్పారు. అందుకే మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడల్లా కనిపెట్టుకుని ఉండాలన్నారు. "థెరపీ ఒక్కటే సరిపోదా?" అని నాన్న అడిగారు. "జబ్బు తక్కువగా ఉంటే సరిపోతుంది. పాప చేతులు చూడండి" అన్నారు. నాన్న నా చేయి పట్టుకుని, తిప్పి, వేళ్లు విడదీసి చూశారు. ఇంకేమీ అడగలేదు.

ఒక నోటుబుక్ పెట్టారు. మాత్ర, నిద్ర, మూడ్, ఏ ఇంట్లో ఉంటే వాళ్లు రాయాలి. అనుమానమొస్తే డాక్టరుకే ఫోన్ చేయాలి, ఎవరూ సొంతంగా ఆపకూడదు. అమ్మానాన్నలు స్నేహితులేమీ అయిపోలేదు, ఆ పుస్తకం మాత్రం ఇద్దరూ రాశారు.

థెరపీలో చెప్పిన పనులు గుంటూరులో నాన్నే చేయించేవారు. చెప్పుల స్టాండ్ తాకి, చేతులు కడుక్కోకుండా జంతిక తినాలి. నాయనమ్మ "అపచారం!" అని గోల పెట్టినా నాన్న కదలనివ్వలేదు. ఒళ్లంతా చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది. కూర్చోగా కూర్చోగా అది తనంతట తనే తగ్గేది. వేసవి వచ్చేసరికి కొళాయి దగ్గర గడిపే టైమ్ బాగా తగ్గింది, చేతులు మానాయి. తగ్గాక కూడా ఏడాదికి పైగా మందు కొనసాగించి, తర్వాత కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు.

పోయినేడాది ఉద్యోగం మారిన టెన్షన్‌లో మళ్లీ కాస్త మొదలైంది. ఈసారి డాక్టరుకి నేనే ఫోన్ చేశాను. ఆ సాయంత్రమే ఇద్దరికీ చెప్పాను. అమ్మ నిద్ర పడుతోందా అని అడిగింది, నాన్న డోసెంత అని అడిగారు. ఇప్పుడు 50 మిల్లీగ్రాముల మీద ఉన్నాను, చాలావరకు సర్దుకుంది.