విశాఖ జూలో విన్న ఈల

మా మేనకోడలి పెళ్ళి మధురవాడలో. నంద్యాలలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పదకొండు మందిమి వెళ్ళాం. పెళ్ళి బాగా జరిగింది, భోజనాలు బాగున్నాయి. మూడో రోజు మావాళ్ళంతా కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం అంటూ బయల్దేరారు. రెండు రాత్రులు నిద్ర లేక నాకు తల దిమ్ముగా ఉంది. మళ్ళీ జనంలో పడబుద్ధి కాలేదు. కాసేపు చెట్ల కింద కూర్చుందామని ఒక్కడినే జూకి పోయాను. ఎండాడ వైపు గేటు దగ్గరికి ఆటో అతను రెండొందలు అడిగాడు. అంత దూరమేం కాదు. హైవే మీదకి నడిచి వచ్చి షేర్ ఆటో ఎక్కాను. గేటు బయట కొబ్బరి బోండాం అరవై రూపాయలు! కోనసీమ ఇంత దగ్గర పెట్టుకుని ఇదేం రేటు అనిపించింది. నోరెండిపోతుంటే తాగక తప్పలేదు.

ఈ జూ 1977 నుంచి ఉంది. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాలు. 2014లో హుద్‌హుద్ తుపానుకి ఇక్కడ చెట్లు ఎన్ని కూలిపోయాయో అప్పట్లో టీవీలో చూసి బాధపడ్డాను. ఇప్పుడు మళ్ళీ నీడ బాగానే పట్టింది. లోపలికి పోగానే ఎండుటాకుల వాసన, పక్కనే ఎక్కడో కోతుల అరుపులు. దిమ్ము సగం దిగింది.

పులి దగ్గర మాత్రం నిలబడలేకపోయాను. కందకం అవతల వెదురు పొద నీడలో అది పడుకుని ఉంది. ఇవతల నలభై మంది దాకా అరుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఒక పిల్లాడు "నాన్నా, పులి ఎట్లా చంపుతుంది?" అని అడిగితే, వాళ్ళ నాన్న "పంజాతో ఒక్క దెబ్బ, అంతే" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. మాది ఆత్మకూరు పక్కన ఊరు. నల్లమల మా పెరట్లో ఉన్నట్టే. మా జేజినాయన, అంటే తాత, జీవితమంతా అడవిలో ఆవులు మేపినవాడు. చచ్చిన ఆవుని చూసి, చంపిందెవరో ఆయన చెప్పేవాడు. పులి పంజాతో కింద పడేస్తుందేగాని, ప్రాణం తీసేది కోరలు. పెద్ద జంతువైతే గొంతు పట్టుకుని ఊపిరి ఆగేదాకా వదలదు. చిన్నదైతే మెడ వెనక కొరుకుతుంది. తర్వాత పొదలోకి ఈడ్చుకుపోయి తొడల దగ్గర, వెనక నుంచి మొదలుపెడుతుంది. మిగిలిన దానిమీద ఆకులు, మట్టి కప్పి రెండు మూడు రోజులు అక్కడక్కడే తిరుగుతుంది. చిరుత అయితే ఎక్కువగా కడుపు, ఛాతీ వైపు నుంచి తింటుంది, వీలైతే చెట్టు మీదకి ఎక్కిస్తుంది. "వెనక నుంచి తింటే పులి, ముందు నుంచి తింటే చిరుత" అనేవాడు జేజినాయన. ఇదంతా ఆ పిల్లాడికి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. పులి దూకినా చాలాసార్లు ఖాళీ కడుపుతోనే వెనక్కి వస్తుందని కూడా చెప్పాలనిపించింది. ఈలోగా వాళ్ళ నాన్న సెల్ఫీ కోసం పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. నేను అక్కడినుంచి కదిలిపోయాను.

అలా నడుస్తూ పోతే ఒక ఎన్‌క్లోజర్ ముందు ఎవరూ లేరు. లోపల ఎర్రటి కుక్కలు. గబుక్కున ఆగిపోయాను. బోర్డు మీద ధోల్ అని ఉంది. మేం రేసుకుక్కలంటాం, పుస్తకాల్లో రేచుకుక్కలని రాస్తారు. పొట్టి మూతి, గుండ్రటి చెవులు, ఇటుక రంగు ఒళ్ళు, నల్లటి కుచ్చు తోక. ఒకటి కంచెకి బాగా దగ్గరగా వచ్చి నిలబడింది. కళ్ళు తేనె రంగులో ఉన్నాయి. కింది పెదవి కింద తెల్లటి బొచ్చు, దానికి ఒక ఎండు గడ్డిపోచ అంటుకుని ఉంది. మా ఊరి కుక్కకన్నా పెద్దదేం కాదు, పదిహేను కిలోలు ఉంటుందేమో. వెనక నుంచి ఒక కుటుంబం వచ్చి "ఇవి కుక్కలేగా, పదండి పదండి" అంటూ వెళ్ళిపోయింది. కోపం వచ్చింది. దేశంలో ఈ జాతిని జూలో పెంచి సంతతి నిలబెట్టే పని చేస్తున్న ముఖ్యమైన చోటు ఇదే. ప్రపంచంలోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువు. చూడ్డానికి ఒక్క నిమిషం ఎవరికీ లేదు.

"ఏటి బాబూ, అందరూ పులికాడికెళ్తే మీరిక్కడే ఉండిపోనారు?" అన్నారెవరో. ఖాకీ చొక్కా, చేతిలో బకెట్. అక్కడ పనిచేసే మనిషి.

"మా అడవిలో ఇవి ఉంటాయన్నా. చిన్నప్పుడు చూసినా" అన్నాను.

"అయితే ఉండండి. బండి వచ్చే వేళయింది. అప్పుడు కూత ఇనండి."

ఆయన చెప్పిన పది నిమిషాలకి అటు వెనక దారిలో వ్యాన్ చప్పుడైంది. మాంసం పెట్టేది లోపలి గదుల్లో, మనకి కనబడదు. కానీ చప్పుడు వినగానే అవన్నీ లేచాయి. ఒకదాని భుజాలు ఒకటి రాసుకుంటూ అటూ ఇటూ పరుగులు. అప్పుడు ఒకటి తల కొంచెం పైకెత్తి ఈల వేసింది. మొరుగు కాదు, ఊళ కాదు. సన్నగా, మెత్తగా ఈలే. వెంటనే ఇంకొకటి అందుకుంది. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

ఈ ఈల నేను తొమ్మిదేళ్ళప్పుడు విన్నాను. బైర్లూటి వైపు అడవిలో, వేసవి సెలవుల్లో జేజినాయన వెంట పోయినప్పుడు. వాగులో మోకాలి లోతు నీళ్ళలో ఒక దుప్పి నిలబడిపోయి ఉంది. చుట్టూ ఆరేడు రేసుకుక్కలు. పులిలాగా ఇవి పొంచి ఉండవు. పగటిపూట తరుముతాయి, అలిసిపోయేదాకా, నీళ్ళలోకి దిగేదాకా. పొదల్లో చెదిరిపోయినవి ఈలలతోనే మళ్ళీ ఒకచోటికి చేరతాయి. గొంతు పట్టి ఊపిరి ఆపడం ఇంత చిన్న నోటికి కాని పని. ఒకటి ముక్కు పట్టుకుంది, రెండు వెనక తొడలు, ఇంకొకటి పొట్ట. దుప్పి ఇంకా నిలబడే ఉంది, అవి తింటున్నాయి. నేను ఏడ్చాను. నల్లమలలో పెద్దవాళ్ళు వీటిని తిట్టేది ఇందుకే, బతికుండగానే తింటాయని. ఇంగ్లీషువాళ్ళ కాలంలో వీటిని చంపితే బహుమానం ఇచ్చేవారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాకే ఆ చంపుడు ఆగింది.

పెద్దయ్యాక తెలిసింది, అంత తొందర ఎందుకో. పులో చిరుతో వచ్చి లాక్కునేలోపు కడుపులో వేసుకోవాలి. అన్నీ ఒకేసారి తింటాయి కాబట్టి జంతువు ప్రాణం పోవడానికి మనం భయపడినంత సేపు పట్టదు, నెత్తురు పోయి చచ్చిపోతుంది. అంత ఆకలిలోనూ వాటిలో అవి పెద్దగా కొట్టుకోవు. గుంపులో పిల్లలుంటే ముందు వాటిని తిననిస్తాయి. బొరియ దగ్గర కాపలా ఉన్న కుక్కకీ, పాలిచ్చే తల్లికీ తిన్నది మోసుకుపోయి కక్కి పెడతాయి.

ఇవన్నీ ఆ రోజు తెలియదు. జేజినాయన కర్ర ఊపుతూ, కేకలేస్తూ వాగులోకి దిగాడు. "రాయి తీసుకోరా" అని నాతో అన్నాడు. తీసుకున్నాను, విసిరాను కూడా. అవి ఎదురు తిరగలేదు. యాభై గజాల దూరం పోయి, చెట్ల మొదట్లో నిలబడి మమ్మల్ని చూశాయి. మూతులన్నీ ఎర్రగా ఉన్నాయి. అప్పుడు ఈల వేశాయి. జేజినాయన కొడవలితో కోసి, టవల్లో మూట కట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో అందరం తిన్నాం, నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా నన్ను వదలనిది ఒక్కటే: పొద్దున్నుంచీ పరిగెత్తిన వాటి నోటికాడి కూడు అంతా మేం ఎత్తుకొచ్చేశాం. మూటలో ఎంత ఉందో నాకు గుర్తు లేదు. పెద్ద మూట అని మాత్రం గుర్తు.

"తలుపు తీసినారు. ఎల్లిపోతాయిప్పుడు" అన్నాడు బకెట్ మనిషి. ఒక్కొక్కటే లోపలికి పోయాయి. కంచె దగ్గర నిలబడిన కుక్క ఆఖరున పోయింది.

"మీరు పెట్టినప్పుడు కొట్టుకుంటాయా అన్నా?"

"లేదు బాబూ. పిల్లలున్నప్పుడైతే సూడాల మీరు. పెద్దవి పక్కన నిలబడిపోతాయి, అలగ సూస్తా ఉంటాయి." బకెట్ చేతులు మార్చుకుని వెళ్ళిపోయాడు.

సాగర్ నగర్ గేటు నుంచి బయటకి వచ్చి బీచ్ రోడ్డులో 900కే బస్సు కోసం నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చింది, కిక్కిరిసి ఉంది. కంబీ పట్టుకుని నిలబడి, ఒక చేత్తో మా అమ్మకి ఫోన్ చేశాను. ఎడమ పక్క సముద్రం మీద వెలుతురు తగ్గుతోంది. "పులిని చూస్తివా?" అని అడిగింది. రేసుకుక్కలని చూశానన్నాను. ఈల వేస్తున్నాయన్నాను.

"మీ జేజినాయన దుప్పి మాంసం తెచ్చిన దినం గుర్తుందా నీకు?" అంది తనే.

"గుర్తుందమ్మా. అంతా తెచ్చేసినాడు కదా."

"అంతా యాడ తెచ్చినాడు? ఒక తొడ తెచ్చినాడు. మిగిలింది వాటికే వదిలొచ్చినా అన్యాడు. అన్నీ ఎత్తుకొస్తే రేప్పొద్దున ఆవుల మీద పడ్తాయని వాళ్ళకు భయముండ్య."

"ఒకటేనా?"

"ఒకటే. కోసింది నేనే కదరా."

వెనక ఎవరో దిగాలని తోస్తున్నారు. కండక్టర్ అప్పుఘర్, అప్పుఘర్ అని అరిచాడు. నేను దిగాల్సింది కూడా అక్కడే, మావాళ్ళు నాకోసం కాసుకుని ఉన్నారు. దిగకుండా ఇంకో రెండు స్టాపులు ముందుకు పోయాను, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే.