గ్రూప్ ఇన్సూరెన్స్ తీసేసి అలవెన్సు ఇస్తామన్నారు: టెక్సాస్‌లో నా అనుభవం

2024 సెప్టెంబరు ఆఖర్లో మా ఆఫీసు నుంచి ఒక నోటీసు వచ్చింది. జనవరి 1 నుంచి గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదు, దాని బదులు నెలనెలా ఇంత అని అలవెన్సు ఇస్తాం, పాలసీ ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి అని. ఈ పద్ధతిని ఇక్రా (ICHRA) అంటారు. అమెరికాలో 2020 నుంచి చిన్నా పెద్దా ఏ కంపెనీ అయినా ఇలా మారొచ్చు, కాకపోతే ప్లాన్ మొదలయ్యే 90 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మావాళ్ళు సరిగ్గా ఆ గడువు అంచున చెప్పారు. మా ఇంట్లో ముగ్గురం. మా ఆవిడకి కీళ్ళవాతానికి ఇంజెక్షన్ నడుస్తోంది, ఆ ఒక్క మందు ఖరీదు తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడుతుంది.

తర్వాత మీటింగ్ పెట్టి, ఇకమీదట మీకు నచ్చిన ప్లాన్ మీరే ఎంచుకోవచ్చు, ఉద్యోగం మారినా పాలసీ మీతోనే ఉంటుంది అని చెప్పారు. రెండోది నిజమే, మంచిదే. పాత గ్రూప్ ప్లానే కావాలనుకున్నవాళ్ళ సంగతేంటని ఎవరో అడిగితే, ఒకే తరగతి ఉద్యోగులకు రెండింట్లో ఏదో ఒకటి కోరుకోమనే వీలు రూల్స్‌లో లేదన్నారు. అదీ నిజమే. నా పక్కన కూర్చున్న కుర్రాడికి ఇరవై ఆరేళ్ళు, వాడు మాత్రం హుషారుగా "అన్నా, నాకైతే ఇంకా మిగులుతుంది" అన్నాడు. మిగిలింది చేతికి రాదు, మా కంపెనీ దాన్ని ప్రీమియానికి తప్ప దేనికీ వాడుకోనివ్వదు, కానీ ఆ సంగతి నోటీసులో మూడో పేజీలో ఎక్కడో ఉంది.

వాడికి మిగలడానికి కారణమే మా టీములో పెద్దాయనకి దెబ్బ. గ్రూప్ ప్లాన్‌లో జీతంలోంచి కోసేది అందరికీ ఒకటే ఉండేది. సొంతంగా కొనే పాలసీలో ప్రీమియం వయసుతో పెరుగుతుంది, 64 ఏళ్ళ మనిషికి 21 ఏళ్ళ మనిషి కట్టేదానికి మూడు రెట్ల దాకా వేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ పట్టిక ప్రకారం 21 ఏళ్ళ మనిషి ప్రీమియం 1 అనుకుంటే, 26 ఏళ్ళకి 1.024, 60 ఏళ్ళకి 2.714. అంటే అదే ప్లాన్, అదే డాక్టర్లు, ఆయనకి మాత్రం రెండున్నర రెట్ల పైమాటే. మావాళ్ళేమో వయసుతో పని లేకుండా అందరికీ ఒకటే అలవెన్సు రాశారు. వయసును బట్టి అలవెన్సును కూడా మూడు రెట్ల వరకు పెంచుకోవచ్చని రూల్స్‌లోనే ఉంది. నేనూ ఆయనా కలిసి ఆ ముక్క ఈమెయిల్‌లో రాసి, ఎందుకు వద్దనుకున్నారో చెప్పమని అడిగాం. జవాబు రావడానికి టైం పట్టింది గానీ, చివరికి వయసుల వారీగా స్లాబులు పెట్టారు. కుటుంబానికి ఇచ్చేది మాత్రం కదల్లేదు. మీటింగ్‌లో గొంతు పెంచిన వాళ్ళకి దక్కనిది ఒక ఈమెయిల్‌కి దక్కింది. రాసి అడిగితే రాసే జవాబివ్వాలి కదా.

అసలు మెలిక సబ్సిడీ దగ్గర ఉంది. అలవెన్సు వద్దనుకుని మార్కెట్‌ప్లేస్‌లో (సొంత పాలసీలు కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్) టాక్స్ క్రెడిట్‌తో, అంటే ప్రీమియంలో కొంత ప్రభుత్వమే భరించే సబ్సిడీతో కొనుక్కుందామని చాలామంది అనుకున్నారు, నేనూ లెక్క వేశాను. మన ఏరియాలో అన్నిటికన్నా చౌకైన సిల్వర్ (మధ్యస్థం రకం) ప్లాన్ ప్రీమియం, అదీ ఉద్యోగి ఒక్కడికే, తీసుకుని అందులోంచి ఒక్కడికి ఇచ్చే అలవెన్సు తీసేయాలి. మిగిలింది ఇంటి ఆదాయంలో 9.02 శాతం దాటకపోతే (2025 లెక్క ఇది) ఆ అలవెన్సు "సరిపోయినట్టే", ఇక దాన్ని వదులుకున్నా క్రెడిట్ రాదు. ఉదాహరణకి సిల్వర్ 520 డాలర్లు, అలవెన్సు 450 అనుకోండి. తేడా 70. ఇంటి ఆదాయం నెలకి 8,000 అయితే 9.02 శాతం అంటే 721. ఇక ఆశ వదులుకోవాల్సిందే. భార్యాపిల్లలకి పడే ఖర్చు ఈ లెక్కలోకే రాదు! మా ఇంట్లో భారమంతా అక్కడే ఉంది, చట్టం కళ్ళకి మాత్రం మాది హాయిగా గడిచిపోయే సంసారం. ఇంకో కొలీగ్ తన భర్త ఆఫీసు గ్రూప్ ప్లాన్‌లో చేరిపోయింది, ఆవిడకి అలవెన్సు రాదు, ఎందుకంటే సొంత పాలసీగానీ మెడికేర్‌గానీ (ముఖ్యంగా పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉంటేనే ఇక్రా డబ్బు ఇస్తారు.

ప్లాన్ వెతకడం మొదలుపెట్టాక తల ప్రాణం తోకకొచ్చింది. మా పాత గ్రూప్‌ది పీపీఓ, ఏ డాక్టర్ దగ్గరికైనా నేరుగా వెళ్ళేవాళ్ళం. మా కౌంటీలో సొంతంగా కొనుక్కునేవాళ్ళకి దొరికినవన్నీ హెచ్‌ఎంఓలు, ఈపీఓలే, నెట్‌వర్క్ (ఆ ప్లాన్‌తో ఒప్పందమున్న డాక్టర్లు, ఆసుపత్రులు) దాటితే ఎమర్జెన్సీకి తప్ప పైసా రాదు. వెబ్‌సైట్‌లో మా ఆవిడ డాక్టర్ పేరు కనిపించింది. అయినా నమ్మకం కుదరక క్లినిక్‌కి ఫోన్ చేసి బిల్లింగ్ చూసే ఆవిడని అడిగాను. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు చెప్పగానే "తీసుకుంటాం" అంది. ప్లాన్ పూర్తి పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న నెట్‌వర్క్ పేరు చదివి వినిపించాక కాసేపు కీబోర్డు టకటక వినిపించింది, "లేదు సార్, అదే కంపెనీది ఆఫీసుల ద్వారా వచ్చేది తీసుకుంటాం, ఇది తీసుకోం" అంది. ఆ ఫోన్ చేయకపోతే జనవరిలో పరిస్థితి ఏంటో ఊహించుకోండి. డాక్టర్ ఉన్న ప్లాన్ చివరికి దొరికింది, సిల్వర్ కన్నా పై రకమైన గోల్డ్, నేననుకున్నదానికంటే ఖరీదు.

ఇక్కడ ఒక్కటి బాగా కలిసొచ్చింది. అలవెన్సు పోగా మనం కట్టే మిగతా ప్రీమియం, మార్కెట్‌ప్లేస్‌లో కొంటే టాక్స్ కట్టిన డబ్బుల్లోంచే కట్టాలి. అదే ప్లాన్ నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర కొంటే, ఆఫీసు వాళ్ళు ఏర్పాటు చేస్తే, టాక్స్‌కి ముందే జీతంలోంచి కట్టొచ్చు. సబ్సిడీ ఎలాగూ రాదు కాబట్టి మార్కెట్‌ప్లేస్‌తో నాకు పనేముంది? హెచ్‌ఆర్‌ని అడిగితే ఏర్పాటు చేశారు, అడిగేదాకా చెప్పలేదు. జనవరి 1 నుంచి కవరేజీ ఉండాలంటే మామూలుగా డిసెంబరు 15 లోపల ప్లాన్ తీసుకోవాలి, మొదటి ప్రీమియం కడితేగానీ పాలసీ అమల్లోకి రాదు.

జనవరిలో ఇంజెక్షన్‌కి ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి మళ్ళీ మొదటినుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. పాత ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన అనుమతి కొత్త కంపెనీకి పట్టదు. నేను డిసెంబరులోనే పాత అనుమతి లెటర్లు, టెస్ట్ రిపోర్టులు క్లినిక్‌లో ఇచ్చి, కొత్త కార్డు నంబరు రాగానే పంపేయమని చెప్పి ఉంచాను, అందుకే ఒక్క డోసు కూడా తప్పలేదు. అలవెన్సు డబ్బు సంగతికొస్తే, ముందు మనం కట్టాలి, రసీదు అప్‌లోడ్ చేయాలి, తర్వాత జీతంతో పాటు వస్తుంది. మొదటి నెల చేతిలోంచి పెట్టుకోవడం కొందరికి బాగా ఇబ్బందైంది.

2026కి నోటీసు వచ్చేసింది. అలవెన్సు సెంటు కూడా పెరగలేదు, మా ప్లాన్ ప్రీమియం బాగానే పెరిగింది, పైగా ఆ 9.02 శాతం కాస్తా 9.96 అయింది కాబట్టి సబ్సిడీ ఇంకా దూరం. ఏటా ప్రీమియం పెరిగినప్పుడు అలవెన్సు ఏ లెక్కన పెంచుతారో రాతపూర్వకంగా చెప్పమని ఈసారి అరడజను మందిమి కలిసి ఈమెయిల్ పెట్టాం. "పరిశీలిస్తున్నాం" అన్నారు. మేమేమో మళ్ళీ క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ నెట్‌వర్క్ వచ్చే ఏడు కూడా ఉంటుందో లేదో కనుక్కుంటున్నాం.