అటక మీద అసలు ఇల్లు

పాత ఇళ్లను పరిశీలించి రిపోర్టు రాయడం నా పని. ఈరోజంతా ఒక పాత కొయ్య ఇంట్లోనే గడిచిపోయింది. బయటి నుంచి చూస్తే అది పాతదని ఎవరూ అనుకోరు. గోడల నిండా ప్లాస్టిక్ పలకలు, అల్యూమినియం కిటికీలు, ముందు వసారా మూసేసి గది. "అన్నీ మార్చేశాం కదండీ, ఇంక చూడ్డానికి ఏముంది?" అంది ఇంటావిడ.

ఇలాంటి ఇళ్లలో నేను ముందు అటకెక్కుతాను. సోకులు చేసేవాళ్లు అంతవరకూ రారు. టార్చి పక్కవాటుగా వేస్తే దూలం మీద గీతలు తేలాయి. గుండ్రటి రంపం కోస్తే వంపు గీతలు పడతాయి. ఇవి తిన్నగా ఉన్నాయి, ఎడం మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. చేత్తో లాగిన రంపమే. వాసాలు కలిసే చోట ఉలి గాట్లు: ఒకదాని మీద మూడు, దాని జతకూ మూడే. కింద అమర్చి చూసుకుని, పైకెక్కించేటప్పుడు తారుమారు కాకుండా వడ్రంగి పెట్టుకున్న గుర్తులవి. పక్క జతకు నాలుగు, ఆ పక్కదానికి ఐదు. వరస ఎక్కడా తప్పలేదు. కప్పును విప్పి మళ్లీ కట్టిన జాడ లేదు.

ఒక దూలానికి మాత్రం ఉత్త బెజ్జాలున్నాయి, వాటిలో కూర్చునేదేమీ లేదు. ఇంకో కట్టడం నుంచి తెచ్చి ఉంటారు. ఇలాంటి ఒక్క కర్రను చూసి ఇంటికి వయసు కట్టేస్తే కొంప మునుగుతుంది. కర్రలో ఏడాదికొకటిగా పడే వలయాలను కాలం తెలిసిన కర్రలతో పోల్చి చూసినా, బెరడు కింది చివరి వలయం మిగిలుంటే తెలిసేది చెట్టు కొట్టిన ఏడాదే, ఇల్లు కట్టిన ఏడాది కాదు.

చెక్క మార్చినంత మాత్రాన విలువ పోయిందని నేననుకోను. పుచ్చిన ముక్క తీసి కొత్తది అతకడం కొయ్య ఇళ్లకు మామూలే. జపాన్‌లోని హోర్యూజి ఆలయం 1300 ఏళ్లుగా అలాగే నిలిచింది. పాత కట్టడాల అసలుతనాన్ని ఎలా చూడాలో చెప్పే 1994 నాటి నారా పత్రం కూడా పదార్థంతో పాటు రూపం, వాడకం, పనితనం, చోటు కలిపి చూడమంది. ప్లాస్టిక్ పలకలతో కూడా నాకు పెద్ద పేచీ లేదు. ఒక మూల ఊడదీస్తే కింద పాత చెక్కలు భద్రంగా ఉన్నాయి. కిటికీల దగ్గరే ఒళ్లు మండింది. వెడల్పు కోసం నిలువు కర్రలనే కోసేశారు. అది ఇక తిరిగిరాదు.

"ఆ ముందు గది పడగొట్టేస్తే పాత ఇల్లు వచ్చేస్తుందా?" అని అడిగిందావిడ. ఆ గది నేల ఇంకా బయటికి వాలుగానే ఉంది, వసారా స్తంభాలు గోడలోనే ఉన్నాయి. "మా మావగారు మంచాన పడ్డప్పుడు మూయించారు" అంది.

పడగొట్టొద్దన్నాను. ఏ కాలంవాళ్లు చేర్చినదైనా సరైనదైతే గౌరవించాలని పాత కట్టడాల సంరక్షణ కోసం రాసుకున్న 1964 వెనిస్ చార్టర్ ఎప్పుడో చెప్పింది. ఆవిడకు ఆ మాట అంతగా నచ్చినట్టు లేదు, ఆ గది వానకు కారుతోందట.

రిపోర్టులో ఆ గదికి ఒక పేరా ఇస్తాను. కిటికీల గురించి మాత్రం మొహమాటం లేకుండా రాస్తాను.